పూడ్చేముందు ఒక ముక్క కోయండి

మన తీరంలో డాల్ఫిన్ చచ్చి కొట్టుకొస్తే జరిగే తంతు తెలిసిందే. జనం మూగుతారు, ఫొటోలు తీసుకుంటారు, కంపు మొదలయ్యాక జేసీబీ వస్తుంది. బతికున్నంతకాలం వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులి సరసన కూర్చోబెట్టిన జంతువుకి చచ్చాక దక్కేది ఇసుకలో గొయ్యి. వల చుట్టుకుందా, పడవ తగిలిందా అన్న ఆరా అయినా ఉంటుందేమో గానీ, కాలేయంలో పాదరసం ఎంత, మూత్రపిండంలో కాడ్మియం ఎంత అని అడిగే నాథుడు అరుదు.

నాకు మండేది అక్కడే. మన మురుగు కలిసిన నీళ్లలో ఏళ్లతరబడి తిరిగి, మన వలల్లో పడే చేపలే తిని, మనలాగే గాలి పీల్చి, పిల్లకి పాలిచ్చిన ప్రాణి అది. నీటిలోని పాదరసం సూక్ష్మజీవుల వల్ల మిథైల్ పాదరసంగా మారి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి ఎక్కుతూ దాని ఒంట్లోకి చేరుతుంది. అది కొంత తట్టుకుంటుంది కూడా. కాలేయంలో సెలీనియం ఆ పాదరసాన్ని పట్టి కరగని రేణువులుగా మార్చేస్తుంది. వయసుతోపాటు నిల్వా పెరుగుతుంది. ఆ కాలేయం మన తీరం పాసుపుస్తకం. సీసాలో పట్టిన నీరు ఆ రోజు సంగతే చెబుతుంది.

బ్రిటన్‌లో ఒడ్డుకొచ్చిన తిమింగలాల, డాల్ఫిన్ల లెక్కని నేచురల్ హిస్టరీ మ్యూజియం 1913లోనే మొదలుపెట్టింది. 1990 నుంచి శవపరీక్షలూ పద్ధతిగా జరుగుతున్నాయి. ఆ కళేబరాల పుణ్యమే 2001లో వెలువడ్డ ఒక అధ్యయనం. ఇంగ్లండ్, వేల్స్ తీరాల్లో గాయాలతోనో వలల్లో చిక్కో చచ్చిన హార్బర్ పోర్పస్‌ల (డాల్ఫిన్‌కి దగ్గరి చుట్టాలు) కన్నా అంటురోగాలతో చచ్చినవాటి కాలేయాల్లో పాదరసం, సెలీనియం, జింకు ఎక్కువగా తేలాయి. పాదరసమే రోగనిరోధక శక్తిని దెబ్బతీసిందా, జబ్బుతో చిక్కిపోవడం వల్ల లెక్క పెరిగిందా అని వాదించవచ్చు. వాదించడానికి వాళ్ల దగ్గర కాలేయాలున్నాయి! ఇక్కడా కొందరు పరిశోధకులు ఇలాంటి నమూనాలు పరీక్షించారు. ఆ ఘనత వాళ్ల పట్టుదలది.

జంతుప్రేమికుల గొడవ మనకెందుకు అనేవారు ఫారో దీవుల సంగతి వినాలి. అక్కడ పైలట్ తిమింగలం మాంసం తినడం ఆచారం. 1986-87లో పుట్టిన పిల్లల్ని గమనిస్తూ వస్తే, కడుపులో ఉండగా పాదరసం ఎక్కువ సోకినవాళ్లు ఏడేళ్ల వయసులో మాటలో, ఏకాగ్రతలో, జ్ఞాపకశక్తిలో వెనకబడ్డారు. 2008లో అక్కడి వైద్యాధికారులే ఆ మాంసం తినొద్దన్నారు. మనం డాల్ఫిన్‌ని తినకపోవచ్చు. అది తినే చేపల్ని తింటున్నాం.

అడుగుతున్నది ఎంత? తాజా కళేబరమైతే కాలేయం, మూత్రపిండం, కండరం తలా ఒక ముక్క, ఒక పన్ను (దాని పొరల్ని బట్టి వయసు తెలుస్తుంది), పొడవు, తేదీ, చోటు, ఫ్రీజరులో ఒక అర. ముందుగా కబురు చెప్పగలిగేది మత్స్యకారుడు. షెడ్యూలు జంతువు పేరు చెబితే కేసులో ఇరుక్కుంటానని అతని భయం. కబురు చెప్పినవాణ్ణి ఇబ్బంది పెట్టబోమని అటవీశాఖ రాతపూర్వకంగా భరోసా ఇచ్చి, ఊరూరా ఒక ఫోన్ నంబరు రాయించాలి.