విమానానికి గంటంపావు, మనకి రోజంతా

అన్నలూ, అక్కలూ, కొంచెం పొడవైన పోస్టు, ఓపిగ్గా చదవండి.

విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కి విమానంలో ఎంతసేపు అని గూగుల్‌లో కొడితే గంటంపావు అటూ ఇటూ చూపిస్తుంది. ఆకాశంలో తిన్నగా కొలిస్తే దూరం 510 కిలోమీటర్లు. రోడ్డు మీద 600 దాటుతుంది. రైల్లో అయితే దాదాపు 700, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి రాత్రంతా పడుతుంది.

ఇప్పుడు పాడేరు నుంచి విశాఖ చూడండి. 110 కిలోమీటర్లు. ఘాట్ దిగి బస్సు చేరేసరికి మూడున్నర, నాలుగు గంటలు. అంటే విమానం వెళ్లే దూరంలో నాలుగో వంతు కూడా లేదు, టైము మాత్రం మూడింతలు.

ఆ గంటంపావు అయినా మనకి వర్తించదు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ఉందనుకోండి, టికెట్ ఎవరో కొనిచ్చారనుకోండి. ఊరి నుంచి పాడేరుకి జీపు కోసం చూడటం, రావడం గంటన్నర. విశాఖకి నాలుగు గంటలు. ఎయిర్‌పోర్టులో రెండు గంటల ముందు ఉండాలి. విమానం గంటంపావు. శంషాబాద్ నుంచి సిటీలోకి ఇంకో గంట పైనే. మొత్తం పది గంటలు. అందులో సగానికి పైగా విశాఖ చేరడానికే పోయింది.

నేను విమానం వద్దనట్లేదు. మనవాళ్లు కూడా ఎక్కాలి. నా పాయింట్ ఒక్కటే: పట్నంలో ప్రయాణాన్ని నిమిషాల్లో లెక్కేస్తారు, మన దగ్గరకొస్తే కిలోమీటర్లలో లెక్కేస్తారు. "110 కిలోమీటర్లే కదా" అని పొద్దున్న 9 గంటల పరీక్షకి విశాఖలో సెంటర్ వేస్తారు. లోపలి గూడేల్లో తెల్లారకముందు ఏ బండీ ఉండదు. కాబట్టి ముందు రోజే దిగాలి. లాడ్జి, తిండి, రానూపోనూ చార్జీలు కలిపితే ఇంట్లోవాళ్ల కొన్ని రోజుల కూలి. ఆడపిల్లయితే తోడు ఒకరు, ఖర్చు రెండింతలు. మా హాస్టల్లో ఇలా ఫీజు కట్టి కూడా పరీక్షకి వెళ్లనివాళ్లు ఉన్నారు. వాళ్లని "ఆబ్సెంట్" అని రాసేస్తారు, ఎందుకు రాలేదో ఎవరూ అడగరు.

"కొండ ప్రాంతం, ఏం చేస్తాం" అంటారు. కొండని ఎవరూ చదును చెయ్యమనట్లేదు. పరీక్ష టైము, సెంటరు, మొదటి బస్సు బయల్దేరే టైము, ఇవి మనుషులు పెట్టినవే. మనుషులు మార్చొచ్చు. ఏజెన్సీ విద్యార్థులకి పాడేరులోనే సెంటర్ ఇవ్వాలి, అది కుదరకపోతే మధ్యాహ్నం షిఫ్ట్ ఇవ్వాలి. పరీక్ష రోజుల్లో తెల్లవారుజామున బస్సు వెయ్యాలి. ఇది దయ కాదు, సరైన లెక్క.

అడగాలంటే మన దగ్గర వివరాలుండాలి. అందుకే కింద రాయండి: మీ ఊరు, దగ్గర్లోని పరీక్షా కేంద్రం, చేరడానికి ఎన్ని గంటలు, మొదటి బండి ఎన్నింటికి. కిలోమీటర్లు రాయొద్దు, గంటలు రాయండి. అన్నీ కలిపి ఒక అర్జీ తయారుచేసి ఐటీడీఏకి ఇద్దాం.

జై ఆదివాసీ.