ఆడిషన్‌కి వెళ్లి తన పని చేసి వచ్చేవాడు

'బ్రేకింగ్ బ్యాడ్' చూశారా? ఎగ్జామ్ ముందు రోజు రాత్రి కూడా ఇంకో ఎపిసోడ్ అంటూ కూర్చునే బ్యాచ్ ప్రతి హాస్టల్‌లో ఒకటి ఉంటుంది. అందులో క్యాన్సర్ వచ్చిన కెమిస్ట్రీ టీచర్ వాల్టర్ వైట్‌గా చేసిన బ్రయాన్ క్రాన్‌స్టన్ గురించి ఒక మోటివేషన్ కథ తెగ తిరుగుతుంటుంది. యాభై దాటేదాకా ఎవరికీ తెలియని మనిషి ఒక్క సిరీస్‌తో స్టార్ అయిపోయాడట, కాబట్టి మీరూ ఆశ వదలొద్దట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్లేస్‌మెంట్స్ కోసం చూస్తున్న మీకు నిజంగా పనికొచ్చే ముక్క ఆ కథలో లేదు.

ఎందుకంటే 2008 జనవరిలో ఆ సిరీస్ మొదలయ్యేనాటికి ఆయన ఖాళీగా కూర్చున్న మనిషి కాదు. 25 ఏళ్ల వయసు నుంచీ నటన మీదే బతికానని, తన కెరీర్‌లో అన్నిటికన్నా గర్వపడేది దానికేనని క్రాన్‌స్టన్ చెబుతుంటారు. అవార్డుల గురించి కాదు, గమనించండి. 1983లో 'లవింగ్' అనే డైలీ సీరియల్ చేశారు, కొంతకాలానికి అందులోంచి తీసేశారు. మొలల మందు ప్రకటనలో కనిపించారు. మనం చిన్నప్పుడు టీవీలో చూసిన 'పవర్ రేంజర్స్'లో కొన్ని రాక్షసులకి గొంతు ఇచ్చింది కూడా ఈయనే! 'సైన్‌ఫెల్డ్'లో పళ్ల డాక్టర్‌గా అప్పుడప్పుడూ వచ్చేవారు. 2000 నుంచి 2006 దాకా 'మాల్కమ్ ఇన్ ద మిడిల్' అనే కామెడీలో తిక్క తండ్రిగా ఏడు సీజన్లు చేశారు. రోలర్ స్కేట్స్ మీద డ్యాన్స్ చేశారు, ఒంటి నిండా తేనెటీగలు పట్టించుకున్నారు. పెద్ద పేరు లేకపోవచ్చు, పని మాత్రం ఉంది.

దీని వెనక వాళ్ల నాన్న ఉన్నారు. జో క్రాన్‌స్టన్ కూడా నటుడే. ఆయనకి మామూలు నటుడిగా ఉండటం సరిపోలేదు, స్టార్ కావాలనుకున్నారు. అవ్వలేదు. బ్రయాన్‌కి పదకొండేళ్లప్పుడు ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోయారు. ఇల్లు అప్పుల్లో పోయింది. పిల్లలు కొన్నాళ్లు అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగారు. ఇవన్నీ 'ఎ లైఫ్ ఇన్ పార్ట్స్' అనే తన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. మన కాలేజీల్లో హైయెస్ట్ ప్యాకేజీ వచ్చినవాడి ఫొటో ఫ్లెక్సీ మీద చూసినప్పుడల్లా నాకు ఆ తండ్రే గుర్తొస్తారు. మిగతా బ్యాచ్ అంతా ఆ ఒక్క నంబర్‌తో పోల్చుకుని ఫెయిలయ్యామనుకుంటుంది చూడండి, అందుకు.

నటన కూడా ఆయన మొదటి ప్లాన్ కాదు. లాస్ ఏంజలిస్ వ్యాలీ కాలేజీలో చదివింది పోలీస్ సైన్స్, అందులో బాగా రాణించారు కూడా. ఎలెక్టివ్‌గా తీసుకున్న నాటకాల క్లాసు దారి మళ్లించింది. ఆ తర్వాత అన్నతో కలిసి బైకుల మీద అమెరికా తిరుగుతుండగా ఒకచోట రోజుల తరబడి వాన పట్టుకుంది. కదలడానికి లేక నాటకాలు చదువుతూ కూర్చున్నారు. ఇబ్సెన్ రాసిన 'హెడ్డా గాబ్లర్' చేతిలో ఉండగానే పోలీసు ఉద్యోగం వద్దని తేల్చుకున్నారు. బ్రాంచ్ మారాలనుకునేవాళ్లు దీన్ని సాకుగా వాడుకోకండి. ఆ తర్వాత ఆయన చాలాకాలం చిన్నాచితకా పనులు చేశారు. అనుమతి తెచ్చుకుని జనానికి పెళ్లిళ్లు కూడా చేయించారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నటుడికి ఆడిషన్ అంటే మనకి ఇంటర్వ్యూ లాంటిదే. పదింట్లో తొమ్మిది పోతాయి, ఎందుకు పోయాయో ఎవరూ చెప్పరు. చాలా ఏళ్లు అలా తిరిగాక క్రాన్‌స్టన్ తన ఆలోచన మార్చుకున్నారు. ఉద్యోగం తెచ్చుకోవడానికి వెళ్తున్నాను అనుకోవడం మానేశారు. ఈ పాత్రని నేనైతే ఇలా చేస్తాను, చూడండి అని చేసి చూపించడం వరకే తన పని. అది అయ్యాక బయటికొచ్చి మర్చిపోవడం. ఎవర్ని తీసుకోవాలన్నది వాళ్ల తలనొప్పి, అందులో తన చెయ్యి లేదు. ఎలా చేస్తే వాళ్లకి నచ్చుతానా అన్న ఆరాటం పోయాక తనకి భయం పోయిందని, పని బాగుపడిందని ఆయన చాలాసార్లు చెప్పారు.

మాక్ ఇంటర్వ్యూలు చేసేటప్పుడు జూనియర్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, వాళ్లకి ఏం చెప్తే నచ్చుద్ది?" అని. ట్రైనింగ్ సెంటర్లు కూడా ఇదే నేర్పుతున్నాయి. ఫలితం ఏంటంటే వందమంది ఒకే వాక్యంతో తమని తాము పరిచయం చేసుకుంటారు. పర్ఫెక్షనిజమే నా బలహీనత అని అందరూ చెబుతారు. తమ ప్రాజెక్టులో ఆ డేటాబేస్ ఎందుకు వాడారో మాత్రం చెప్పలేరు. నచ్చాలనుకుంటూ వెళ్లినవాడి దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. క్రాన్‌స్టన్ 'బ్రేకింగ్ బ్యాడ్' కోసం రచయిత విన్స్ గిలిగన్‌ని కలవడానికి వెళ్లినప్పుడు పాత్ర మొత్తం బుర్రలో వేసుకుని వెళ్లారు. వాల్టర్ కాస్త ఒళ్లు చేసి ఉండాలి, బట్టలకి రంగు ఉండకూడదు, భుజాలు ముసలాయనలా వంగిపోవాలి, మీసం ఎందుకు పెంచాడ్రా బాబూ అనిపించేలా ఉండాలి అని. సిరీస్‌లో మనం చూసింది ఆ మనిషినే.

అయినా చానెల్ వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. కామెడీ తండ్రి ఈ పాత్రకేంటి అన్నారు. అప్పుడు గిలిగన్ వాళ్లకి తను 1998లో రాసిన 'ద ఎక్స్ ఫైల్స్' ఎపిసోడ్ ఒకటి చూపించారు. పేరు 'డ్రైవ్'. అందులో క్రాన్‌స్టన్‌ది ఒక్క ఎపిసోడ్ వేషం. విద్వేషం నిండిన, ఎవరికీ నచ్చని మనిషి, అయినా అతను చచ్చిపోతుంటే చూసేవాళ్లకి జాలి కలగాలి. ఆ జాలి ఆయన తెప్పించారు. వారం రోజుల పని దాదాపు పదేళ్ల తర్వాత రెజ్యూమె అయింది. పాత్ర ఆయనకే ఇచ్చారు. ఆ పాత్రకి నాలుగు ఎమ్మీలు వచ్చాయి.

మీ అభ్యంతరం నాకు తెలుసు. ఆయనకేం, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ లేదు కదా అంటారు. నిజమే. ఆన్‌లైన్ టెస్టులో కటాఫ్ దగ్గర ఆగిపోయినవాడికి, ఒక బ్యాక్‌లాగ్ ఉందని ఫిల్టర్ అయినవాడికి ఈ పద్ధతి ఏ సాయమూ చెయ్యదు. అక్కడ ఎదురుగా మనిషే ఉండడు. అదృష్టం లేనిదే కెరీర్ లేదని క్రాన్‌స్టన్ కూడా ఒప్పుకుంటారు. గిలిగన్ ఆ పాత ఎపిసోడ్ గుర్తుపెట్టుకోకపోతే ఈ వ్యాసమే ఉండేది కాదు. నేను చెప్పేది ఎదురుగా మనిషి కూర్చున్న ఆ ఇరవై నిమిషాల గురించే. ఉద్యోగం అవసరం ఉండొచ్చు, చాలా ఉండొచ్చు. ఆ అవసరాన్ని గదిలోకి మోసుకెళ్తే మీ పని వాళ్లకి కనబడదు. మీరు రాసిన కోడ్‌లో ఏది చెత్తగా వచ్చిందో, మళ్లీ రాస్తే ఏం మారుస్తారో చెప్పడానికి సిద్ధపడి వెళ్లండి. వచ్చాక ఆ రాత్రంతా రిజల్ట్ మెయిల్ కోసం రిఫ్రెష్ కొట్టకుండా తర్వాతి దానికి చదువుకోండి.

2013 సెప్టెంబర్‌లో 'బ్రేకింగ్ బ్యాడ్' ఆఖరి ఎపిసోడ్లు వస్తున్నప్పుడు, ప్రపంచమంతా తన పేరు మోగుతున్నప్పుడు, క్రాన్‌స్టన్ కేంబ్రిడ్జ్‌లోని ఒక థియేటర్‌లో 'ఆల్ ద వే' నాటకం వేస్తున్నారు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వేషం, దాదాపు మూడు గంటల నాటకం, మళ్లీ మర్నాడు మొదటి నుంచి. 2014లో అది బ్రాడ్‌వేకి వెళ్లింది, టోనీ అవార్డు తెచ్చింది. 2019లో 'నెట్‌వర్క్' నాటకానికి ఇంకోటి వచ్చింది. అప్పటికి ఆయనకి 63.