బొమ్మల దండు

గత మాసమున ఈ పుటలో ఊరగాయ జాడీల భద్రతను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసము జాడీలను వదలి సేనలను గూర్చి వ్రాయుచున్నామన్నచో మీరు నవ్వుదురేమో. కాని మేము చెప్పబోవు సేన మా వంటయింటి ప్రక్క వసారాలో, ఒక పాత బల్లమీద, ఈ వేసవిలో నెల దినములు విడిది చేసినది. అందలి ఒక్కొక్క సిపాయి మన బొటనవ్రేలి పై కణుపంత మాత్రమే.

మా మరది ఇంగ్లండులో రెండేండ్లు చదువుకొని ఇంటికి వచ్చుచు, తన పెట్టెలో పుస్తకములకంటె నెక్కువ భద్రముగా నొక డబ్బా తెచ్చెను. మూత తీసి చూడగా నన్నియు బూడిదరంగు బొమ్మలు: తుపాకులు భుజమునకెత్తిన సిపాయిలు, గుఱ్ఱములు, ఫిరంగులు. ఆ దేశమున పెద్దలు సైతము వారమున కొకసారి కూడి, చరిత్రలో జరిగిన యుద్ధములను బల్లమీద నిట్టి బొమ్మలతో మరల నడపుదురట. కొలబద్దతో నడక కొలుతురు. పాచికలతో తుపాకిదెబ్బ ఫలము తేల్చుదురు. అయితే ఆట యొక పూట. ఆ బొమ్మలకు రంగులద్దుట నెలల పని. “వదినా, ముగ్గు పెట్టు చేయి మీది. నాకు సాయపడుడు” అని మరది యడిగెను.

మేము సమాధానము చెప్పకమునుపే మా అత్తగారు, “యుద్ధమునకు రంగులు పూసి ముద్దుగా చూపుదురా నాయనా? మన యింట నీ యాట వలదు” అని లోపలికి వెళ్లిపోయిరి. ఆమె మాటకు కారణమున్నది. 1971వ సంవత్సరపు యుద్ధమునకు వెళ్లిన ఆమె పెద్దన్నగారు తిరిగి రాలేదు. ఆయన ఛాయాచిత్రము మా నడవలో నేటికిని వ్రేలాడుచున్నది. నిజము చెప్పవలెనన్న, మా మనస్సును అత్తగారి పక్షముననే యుండెను. చంపుటను వినోదము చేయు ఆటను పిల్లలున్న యింట నేల యుంచవలెనని మేమును తలంచితిమి.

అట్లు తలంచిన మేము ఆ పనికెట్లు కూర్చుంటిమో చెప్పెదము. మా మరది ఆడదలచిన యుద్ధము పరదేశపుది కాదు. అది మా ప్రాంతమున, పిఠాపురమునకు సమీపమున నున్న చందుర్తివద్ద 1758 డిసెంబరు మాసమున జరిగినది. 1757 నాటి బొబ్బిలి కథను బుర్రకథలలో విని కన్నీరు కార్చిన మనము, మరుసటి సంవత్సరమే జరిగిన చందుర్తిని మరచితిమి. మా వారు పాఠశాలలో చరిత్ర చెప్పువారయ్యు, “పిల్లలకు దీనిని గూర్చి నేనెన్నడును రెండు వాక్యములకు మించి చెప్పలేదు” అని యొప్పుకొనిరి.

ఆ కథ యిది. ఉత్తర సర్కారులు నాడు ఫ్రెంచివారి చేతిలో నుండెను. విజయనగర ప్రభువగు ఆనందగజపతిరాజు వారికెదురు తిరిగి ఇంగ్లీషువారి సాయము కోరగా, క్లైవు వంగదేశమునుండి కర్నల్ ఫోర్డును సేనతో ఓడలమీద విశాఖపట్టణమునకు పంపెను. ఫ్రెంచి సేనకు కాన్‌ఫ్లాన్ నాయకుడు. ఫోర్డువద్ద సుమారు 470 మంది ఐరోపావారు, 1,900 మంది సిపాయిలు నుండిరి. కాన్‌ఫ్లాన్‌వద్ద సుమారు 500 మంది ఐరోపావారు, 6,000 మంది సిపాయిలు నుండిరి. రాజుగారి బలగము వేరు.

ఇక వినుడు: ఆనాటి జయాపజయములను తేల్చినది చాలవరకు ఒక రంగు! దక్షిణదేశపు సిపాయిలను తెల్లని దుస్తులలో చూచుటకే ఫ్రెంచివారలవాటుపడి యుండిరి. వంగదేశపు సిపాయిలకు మాత్రము ఇంగ్లీషువారు ఎఱ్ఱకోటులు తొడిగి యుండిరి. 1757లో క్లైవు కూర్చిన మొదటి పటాలమునకు ‘లాల్ పల్టన్’ అను పేరు ఆ కోటులచేతనే వచ్చినది. ఫోర్డుయొక్క ఐరోపా పటాలము ఎత్తుగా పెరిగిన పైరుచాటున నుండగా, ఫ్రెంచివారు ఎదుట ఎఱ్ఱకోటులను జూచి, ఐరోపావారు వీరే యని భ్రమించి, తమ ముఖ్యబలమంతటిని సిపాయిలమీదికే నడిపిరి. సిపాయిలు ఆ దెబ్బకు తాళలేక చెదరిరి. వారిని తరుముచు వరుస తప్పిన ఫ్రెంచివారిమీద, పైరుచాటున నున్న అసలు ఐరోపావారు ప్రక్కనుండి పడిరి. ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు ఇంగ్లీషువారి వశమైనది. సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యము దానితో ముగిసినది.

ఇది విన్నపిమ్మట మేము కుంచె పట్టితిమి. ఎఱ్ఱకోటు తొడుగుకొన్నందున మాత్రమే ఇతరుల పాలి దెబ్బను తాము తిన్న ఆ సిపాయిలకు రంగు సరిగా వేయుట యొక విధమున వారి ఋణము తీర్చుటయే యని మాకు తోచినది.

పని క్రమమును కోరువారికై చెప్పుచున్నాము. బొమ్మను ముందు సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. లేనిచో జిడ్డువలన రంగు నిలువదు. పిదప ప్రైమరు అను మొదటి పూత పలుచగా వేయవలెను. రంగులు నీట కలియు యాక్రిలిక్ రంగులు. సీసానుండి తీసినది తీసినట్లు పూయక, పాలవలె పలుచన చేసి రెండుమార్లు పూయుట మేలు. చిక్కని పూత ముఖమును కప్పివేయును. లోపలినుండి వెలుపలికి రావలెను: ముందు దేహము, పిదప బట్ట, ఆపైన పట్టెడలు, సంచి, కడపట తుపాకి.

ఎఱుపును తేలిక చేయుటకు మేము తెలుపు కలుపగా కోటులన్నియు గులాబిరంగు తిరిగెను. మరది నవ్వి, మడతలలో ముదురు గోధుమ ఎఱుపు, నడుమ ఎఱుపు, ఎత్తులమీద ఇంచుక నారింజ వేయుమనెను. అట్లు వేయగా కుంకుమవలె నిగ్గుతేలెను. తెలుపును నేరుగా తెలుపుతో మొదలిడరాదు. ముందు లేతబూడిద వేసి, మడతలు వదలి, ఎత్తులమీద మాత్రము తెలుపు తాకింపవలెను. చాకలి రేవునుండి వచ్చిన పంచె మడతలను చూచిన కన్నులకు ఇది క్రొత్త విద్య కాదు. తుదకు పలుచని గోధుమరంగు నీరు పల్లములలో పారనిచ్చి, ఆరినపిమ్మట వార్నీషు పూయుదురు.

మా చిక్కు దేహపు రంగువద్ద వచ్చినది. మరది తెచ్చిన రంగులలో ‘దేహవర్ణ’ మని పేరు వ్రాసియున్న సీసాలోనిది లేతగులాబి. అది ఐరోపావారికి సరిపోవును, మన సిపాయిలకో? మరది మరియొక సీసాలోని గోధుమరంగును తీసి అందరికి నొక్కటే పూయుచుండెను. మా పదకొండేండ్ల కుమార్తె అది చూచి, తన ముంజేతిని సీసాప్రక్కన పెట్టి, “బాబాయీ, మన యింటిలోనే నాలుగు రంగులున్నవి. వీరందరికి నొక్కటేనా?” అని యడిగెను. అంతట మేమందరము చేతులు బల్లమీద పెట్టి చూచుకొంటిమి. నిజమే, ఒక చేయి మరియొక చేయివలె లేదు. గోధుమరంగులో ఎఱుపు, పసుపు, నలుపు వేరువేరు పాళ్లలో కలిపి అయిదు చాయలు సిద్ధము చేసితిమి.

అప్పుడు వాకిటినుండి అత్తగారి మాట వినబడెను. ఆమె యెంతసేపటినుండి నిలుచుండిరో తెలియదు. “అందులో చామనచాయ లేదు. మా అన్నయ్యది చామనచాయ. ఆ బొమ్మలో రంగు లేదు గనుక మీకెవ్వరికి తెలియదు” అనిరి. నడవలోని ఛాయాచిత్రము నలుపు తెలుపులది. ఇన్నేండ్లనుండి దానికి పూలదండ మార్చుచున్న మేము ఆయన దేహచ్ఛాయ యేదని యెన్నడు నడిగియుండలేదు. అత్తగారు బల్లవద్ద కూర్చుండి, ఇంకొంచెము పసుపు, ఇంకొంచెము ఎఱుపు అని చెప్పుచుండగా ఆరవ చాయను కలిపితిమి.

ఈ పనిలో స్త్రీల చేయి క్రొత్తది కాదని తరువాత మరది చెప్పెను. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున జర్మను దేశపు న్యూరెంబర్గు నగరమున హిల్పర్టు అను పనివాడు పలుచని తగరపు సిపాయిలను పోతపోసి ప్రసిద్ధి కెక్కెను. ఆ దేశమున నట్టి బొమ్మలకు రంగులద్దుట చాలవరకు స్త్రీలును బాలలును ఇండ్లవద్ద చేయు కూలిపని. బొమ్మలమీద వారి పేర్లుండవు. 1893లో లండనులో బ్రిటన్ అను కుటుంబమువారు లోపల డొల్లగా నుండు సీసపు బొమ్మలను చేయగా వెల తగ్గి, సామాన్యుల యిండ్లకును అవి చేరెను. 1913లో ఎచ్. జి. వెల్స్ అను రచయిత ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమున ఇట్టి బొమ్మల యుద్ధమునకు నియమములు వ్రాసి, బాలుర ఆటలను మెచ్చు తెలివిగల బాలికలకును అందులో చోటిచ్చెను. బల్లమీది యుద్ధమును ఆడి చూచినవానికి నిజమగు యుద్ధమెంత తెలివితక్కువ పనియో తెలియునని కూడ ఆయన వాదించెను. మరుసటి సంవత్సరమే ఐరోపాలో మహాయుద్ధము చెలరేగినది.

ఆయన వాదము నిజమా యని మేము సందేహించితిమి. ఆట దినమున మాకొక సమాధానము దొరకినది. నూరుగురికొక బొమ్మ లెక్కను ఇరుపక్షముల ఐరోపావారికి అయిదేసి, ఇంగ్లీషువారి సిపాయిలకు పందొమ్మిది, ఫ్రెంచివారి సిపాయిలకు అరువది, అన్నియు కలిపి ఎనుబదితొమ్మిది బొమ్మలు. అవిగాక ఫిరంగులు, రాజుగారి గుఱ్ఱములు. మా కుమార్తె ఫ్రెంచి పక్షము పూనెను. కథ తెలిసినది గనుక ఎఱ్ఱకోటులకు మోసపోక పైరుచాటు వైపునకే తన బలమును నడిపెను. మూడు గంటలు సాగి, ఎవరును స్పష్టముగా గెలువక ఆట ముగిసెను. ప్రక్కనున్న పళ్లెములోనికి తీసిపెట్టిన బొమ్మలు ముప్పదినాలుగు. వారందరును చనిపోయినట్లు కాదు. గాయపడినవారును పారిపోయినవారును అందులో కలసియుందురు.

పిల్ల పళ్లెమును తన దగ్గరకు లాగుకొని యెంచి, “అమ్మా, ఒక్క బొమ్మలో నూరు ఇండ్లున్నవా?” అని యడిగెను. మేము పలుకలేదు. “ఉన్నవమ్మా” అని అత్తగారే యనిరి. పిదప ఆ పళ్లెములోని వారిలో సిపాయిలెందరని యామె చూచిరి. ముప్పదినలుగురిలో ముప్పదిమంది సిపాయిలే. రాజ్యము కోరినవారు ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు; పళ్లెము నిండినది మనవారితో. ఉత్తర హిందూస్థానమున నాడు సిపాయిని ‘తిలంగా’ అని పిలిచెడివారు. తొలినాళ్ల సిపాయిలలో తెలుగుదేశమువారుండుటయే అందులకు కారణము. మన దేశము పేరే ఒక కూలిసేనకు పేరై పోయిన సంగతి మేము చదివిన పాఠ్యపుస్తకములలో లేదు.

చిన్ననాట మా తండ్రిగారు భారతము చెప్పునపుడు యుద్ధపర్వములవద్ద మాకెంతో ఉత్సాహముగా నుండెడిది. స్త్రీపర్వము వచ్చుసరికి నిద్రవచ్చెడిది. యుద్ధము ముగిసినపిమ్మట గాంధారి రణభూమికి వచ్చి పడినవారిని ఒక్కొక్కరినే గుర్తించు ఆ పర్వము భారతమున నేల యున్నదో ఆ పళ్లెమువద్ద మాకు బోధపడినది. ఆట చెడ్డది కాదు సోదరులారా! పళ్లెమును లెక్కపెట్టకుండ ఆడు ఆట చెడ్డది.

కావున మీ యింట బిడ్డలట్టి బొమ్మలను తెచ్చినచో వెంటనే కసరి పారవేయకుడు. మీరును బల్లవద్ద కూర్చుండుడు. ఈ సిపాయి యే యూరివాడు, ఎవరి జీతము తిన్నాడు, ఎవరికొరకు పడినాడు అని యడుగుడు. రంగు సరిగా వేయవలెనన్న బిడ్డ పుస్తకము తెరువక తప్పదు. ఒక్కసారిగా పెద్ద దండును కొనకుడు. పది బొమ్మలు, ఆరు రంగులు, రెండు కుంచెలు మొదటికి చాలును.

ఒక్క హెచ్చరిక. పూర్వపు బొమ్మలలో సీసముండెడిది. బ్రిటన్ సంస్థవారు సైతము 1966లో సీసపు బొమ్మలను చేయుట మానిరి. పాతబొమ్మలు దొరికినచో పసివారికి అందనీయకుడు. నేడు వచ్చునవి చాలవరకు ప్లాస్టికువి, లేదా సీసము లేని తగరపు మిశ్రమపువి. ఏ బొమ్మయైనను కుంచెమొనను నోట పెట్టి సరిచేయు అలవాటు కూడదు. పని ముగియగనే చేతులు కడుగవలెను. పగటి వెలుతురులో నొక గంటకు మించి కన్నులను శ్రమపెట్టరాదు.

మరది సెలవులు ముగిసి వెళ్లిపోయెను. డబ్బాను మాత్రము మా యింటనే విడిచి వెళ్లెను. బొమ్మలకొలువు దినములలో వానిని క్రింది మెట్టున పెట్టవలెనని పిల్ల కోరుచున్నది, అత్తగారు కాదనలేదు. ఆరవ చాయ పూసిన సిపాయిలు ముగ్గురున్నారు. వారిని ముందు వరుసలో నిలుపుమని మాత్రము చెప్పిరి.

వచ్చు మాసమున బొమ్మలకొలువు మెట్లను గూర్చి, పాత బట్టలతో వానిని అలంకరించు విధమును గూర్చి వ్రాసెదము.