మూడు నిమిషముల పరీక్ష

తల్లికిని పినతల్లికిని రొమ్మున రాచపుండు వచ్చిన యింటిలో కూఁతునకును వచ్చువఱకు వేచియుండుట న్యాయమా? బి.ఆర్.సి.ఎ. జన్యుదోషము గల స్త్రీలకు ఏఁటేఁట ఎం.ఆర్.ఐ. పరీక్ష వలయునని వైద్యులు చెప్పుచున్నారు. (ఈ దోషము తండ్రివంకనుండియు రావచ్చును.) కాని కొల్లేటి లంకలనుండియు తాడేపల్లిగూడెమునుండియు ఏలూరు చేరు కూలిజనమున కది యందని మ్రానిపండు. యంత్రమును వాడు కాలము హెచ్చినకొలఁది ఖర్చును హెచ్చును.

2014లో జర్మనీ వైద్యురాలు క్రిస్టియానే కూల్ 443 మంది స్త్రీలను పరీక్షించి ఫలితములు ప్రకటించెను. 17 నిమిషముల చిత్రణమున దొరకిన 11 రాచపుండ్లును 3 నిమిషముల చిత్రణముననే దొరకినవి. వారు మిక్కిలి యపాయము గలవారు కారనియు, నరములోనికి మందెక్కింపక తప్పదనియు మే మెఱుఁగుదుము. అయినను పూర్ణపరీక్ష యందనివారికి ఏమియు లేకుండుటకంటె ఇది మేలు కాదా? వాయిదాలచేఁ జెడిన వ్యాజ్యములను జూచిన మాకు ఈ జాగు సహింపరాకున్నది. ప్రభుత్వము ఏలూరులో మొదట జన్యుపరీక్షను, దోషము తేలినవారికి ఏఁటేఁట ఈ చిఱుపరీక్షను ఉచితముగా నేర్పఱుపవలెను.