నేవీలో ఎలక్ట్రికల్ ఆఫీసర్: రాడార్ బాధ్యత ఆయనదే.. షిప్ కమాండ్ మాత్రం కాదు!

ఇండియన్ నేవీలో ఎలక్ట్రికల్ బ్రాంచ్ అనగానే ఫ్యూజులు, వైరింగ్ అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి యుద్ధనౌకలో కరెంటు పంపిణీ దగ్గర్నుంచి రాడార్, సోనార్, మిసైల్ కంట్రోల్ దాకా అన్నీ ఈ బ్రాంచ్ చేతిలోనే ఉంటాయి. 2022లో నేవీలో చేరిన ఐఎన్ఎస్ విక్రాంత్‌లో కేబుళ్లే 2 వేల కిలోమీటర్లకు పైగా ఉన్నాయంటే పని ఎంతో ఊహించుకోవచ్చు.

అసలు కష్టం పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడించడంలో ఉంది. ఐఎన్ఎస్ విశాఖపట్నం సంగతే చూడండి. పేరు మనదే, 2021లో చేరింది మాత్రం ముంబైలో. దాని ప్రధాన రాడార్ ఇజ్రాయెల్ టెక్నాలజీ, బ్రహ్మోస్ క్షిపణి రష్యాతో కలిసి చేసింది, సోనార్ మన దేశంలో తయారైంది. ఇవన్నీ ఒక్క వ్యవస్థలా పనిచేయాలి. పైగా ఉప్పుగాలి, వేడి, కుదుపులు. నడిసముద్రంలో ఏదైనా మొరాయిస్తే కంపెనీ ఇంజనీర్ రాడు, స్టోర్స్‌లో ఉన్న స్పేర్లతోనే సరిచేయాలి. ఆ టైంలో కెప్టెన్ అడిగేది ఒకటే.. ఎంతసేపు పడుతుంది?

ఈ పనికి శిక్షణ ముందు కేరళలోని ఎజిమల అకాడమీలో, తర్వాత జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సురాలో ఉంటుంది. తర్వాత కెరీర్ అంతా ఓడ మీదే గడవదు. విశాఖలోని నేవల్ డాక్‌యార్డ్ లాంటి చోట్ల రిపేర్లు, రీఫిట్ల పనులూ చూడాలి.

జీతం సంగతి కోచింగ్ సెంటర్లు గట్టిగానే చెబుతాయి. సబ్ లెఫ్టినెంట్ మూల వేతనమే 56,100 రూపాయలు, అలవెన్సులు వేరు. కానీ రెండు విషయాల దగ్గర గొంతు తగ్గుతుంది. ఒకటి, యుద్ధనౌక కమాండ్ ఎగ్జిక్యూటివ్ బ్రాంచ్‌కే దక్కుతుంది. ఎలక్ట్రికల్ ఆఫీసర్ ఎంత సీనియర్ అయినా షిప్ కెప్టెన్ కాలేడు.

రెండోది ఇంకా ముఖ్యం. బీటెక్ తర్వాత షార్ట్ సర్వీస్‌లో చేరితే 10 ఏళ్లు, పొడిగిస్తే 14. పూర్తి పెన్షన్‌కు 20 ఏళ్ల సర్వీసు కావాలి. అంటే 24 ఏళ్లకు చేరినవాళ్లు, పర్మనెంట్ కమిషన్ రాకపోతే, 38 ఏళ్లకు పెన్షన్ లేకుండా బయటికి రావాలి. గ్రాట్యుటీ వస్తుంది, అనుభవాన్ని బట్టి ప్రైవేటులో ఉద్యోగమూ దొరకొచ్చు. కానీ పిల్లలు స్కూల్లో ఉండే వయసులో మళ్లీ మొదలుపెట్టడం తేలికేం కాదు.

ఇంటర్ తర్వాతే జేఈఈ మెయిన్ ర్యాంకుతో బీటెక్ క్యాడెట్ ఎంట్రీలో సీటు తెచ్చుకుంటే నేరుగా పర్మనెంట్ కమిషన్ వస్తుంది. ఈ దారి ఉన్న సంగతి చాలామందికి ఇంజనీరింగ్ చివరి ఏడాదిలోగానీ తెలియడం లేదు.