భోజనానంతరము

తల్లిదండ్రుల పోషణము, వయోవృద్ధుల సంక్షేమము కొఱకు 2007లో పార్లమెంటు చేసిన చట్టమును మనము సామాన్యముగా, అన్నము పెట్టని బిడ్డలచేత భరణము ఇప్పించు శాసనముగా మాత్రమే ఎఱుగుదుము. కాని దాని 19వ సెక్షను ఇంకొకంత దూరము పోయి, జిల్లాకొక్కటిగానైన ఆరంభించి, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండునట్టి ఆశ్రమములను రాష్ట్ర ప్రభుత్వములు నెలకొల్పవచ్చుననియు, వాని నిర్వహణ పథకములో వైద్యముతోపాటు వినోదసాధనములకును ప్రమాణములు ఏర్పఱుపవచ్చుననియు చెప్పుచున్నది. మందుబిళ్ళ సరసన వినోదమునకు పీట వేసిన ఆ శాసనకర్తలు అభినందనీయులే. అయితే ఆ పీటమీద మన ఆశ్రమములు చాలావఱకు తెచ్చి కూర్చుండబెట్టినది ఒక టీవీని. ఉదయము భక్తి ఛానెలు, రాత్రి సీరియలు. రిమోటు ఆయా చేతిలో.

తక్కిన వినోదము దాతలవెంట వచ్చును. పెద్దల వర్ధంతికో, పిల్లల పుట్టినరోజుకో, నాయకుని జన్మదినమునకో వృద్ధులకు పండ్లు, రొట్టెలు, దుప్పట్లు పంచిపెట్టుటయు, ఆ దృశ్యము మఱునాడు పత్రిక జిల్లా పుటలో అచ్చగుటయు తెలుగునాట నిత్యకృత్యము. వారిని పరిహసించుట నా ఉద్దేశము కాదు. అనేక ఆశ్రమములలో పొయ్యి వెలుగుచున్నది వారి వలననే. అయినను, జీవితమంతయు ఇల్లు నడిపి, వచ్చినవారికెల్ల వడ్డించి, పెండ్లిండ్లలో పెత్తనము చేసిన స్త్రీ, తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు పుచ్చుకొనుట తప్ప మఱేమియు చేయనక్కఱలేక, ఈ పూట వంకాయ వండుదుమా బీరకాయ వండుదుమా యని తన్నడుగు మనిషియైనను లేక కూర్చుండుటలోని దైన్యమును ఏ పండ్లబుట్టయు పోగొట్టజాలదు.

ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అను ఇరువురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఒక వృద్ధాలయములో జరిపిన పరిశీలనను 1976లో ప్రకటించిరి. ఒక అంతస్తులోనివారికి, మీ గది అమరికయు మీ కాలమును మీ బాధ్యతయే యని చెప్పి, తలకొక మొక్క నిచ్చి, నీరు పోయుట మీ పనియేననిరి. సినిమా ఏ రాత్రి చూతురో మీరే తేల్చుకొనుడనిరి. మఱియొక అంతస్తులోనివారికిని మొక్కయు సినిమాయు లభించినవి గాని, మొక్కకు నర్సులు నీరు పోసిరి, సినిమా రాత్రిని యాజమాన్యము నిర్ణయించెను. మూడు వారములు గడచునప్పటికి మొదటివారిలో ఉత్సాహము, చుఱుకుదనము, నలుగురితో కలియుట హెచ్చినవి. నూరుమందికి లోబడిన ఆ చిన్న పరిశీలననుండి గొప్ప సిద్ధాంతములు లాగుట తగదు. కాని ఇరువర్గములకును ఇచ్చిన వస్తువు ఒక్కటియే, తేడా అంతయు నీరు పోయు చేతియందే యున్నదన్న సంగతి మన నిర్వాహకులు కొంతసేపు ఆలోచింపదగినది.

దినచర్యను కల్పించుట, నా అభిప్రాయమున, చేర్చుకొనునాటి దరఖాస్తుతోనే మొదలు కావలెను. రక్తపోటు, చక్కెర, ఆధార్ సంఖ్య, ఆపద వచ్చినచో కబురు చేయవలసిన బంధువు అను అంశములతో సాధారణముగా ముగియు ఆ కాగితమునకు ఇంకొక పుట కలిపి, ఈ మనిషి ఏ పని చేసి బ్రదికెను, ఎన్నింటికి లేచును, ఏ పండుగను ఎట్లు చేసెడివాడు, దేనిని బొత్తిగా సహింపడు అని వ్రాసికొన్నచో తక్కినది చాలవఱకు దానంతట అదియే తోచును. గుమాస్తాగిరి చేసిన వానికి సరుకుల పద్దు, రైతునకు రెండు మళ్ళ గోంగూర, ఓపికగలవారికి చింతపండు గింజ తీయుట, పూలు కట్టుట, వత్తులు చేయుట. వేసవిలో ఆవకాయ కలుపునప్పుడు చేతులాడని ముదుసలికైనను ఉప్పుకారముల పాళ్ళు చెప్పు నోరుండును, ఆమె మాట కాదనువారు నాకు తెలిసి లేరు. జ్ఞాపకశక్తి సన్నగిల్లి బిడ్డల పేర్లు సైతము మఱచినవారును తఱచుగా ఉతికిన తువాళ్ళను మునుపటి పొందికతోనే మడతపెట్టుదురు.

ఇందొక ప్రమాదము లేకపోలేదు. పని కల్పించుట యను పేర వృద్ధులను జీతములేని వంటవారిగా మార్చు యాజమాన్యములు పుట్టవచ్చును. కావున నేడు నాకు ఓపిక లేదనుటకు, ఆ మాట అన్నందుకు ఎవరి ముఖమును మాడకుండుటకు, ముందుగనే కట్టడి యుండవలెను. సాయంకాలపు భజన విషయమును ఇట్టిదే: అందులో మునిగి సుఖించువారు సుఖింతురుగాక, నమాజు చేసికొనువాడును, చర్చికి పోవు అలవాటు గలదియు, దేవుని ఊసు గిట్టక పులిజూదము కోరు ముసలివాడును ఆ చప్పట్లలో బందీలు కానక్కఱలేదు.

అసలే ఆయాలు చాలక స్నానములు, పక్కలు మార్చుటలే గగనమగుచుండగా ఇవన్నియు చూచువారెవరని నిర్వాహకులడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఆస్ట్రేలియాలో ఈ పనికి లైఫ్‌స్టైల్ కోఆర్డినేటరు అను ఉద్యోగిని నియమింతురు. అచ్చట అంతయు సవ్యముగా నున్నదని కాదు; వృద్ధసంరక్షణపై ఆ దేశపు రాయల్ కమిషను 2019లో వెలువరించిన మధ్యంతర నివేదికకు ‘నిర్లక్ష్యము’ అని పేరు పెట్టవలసివచ్చినది. అయినను పని ఒకరి పేర నున్నది, జరుగనప్పుడు నిలదీయుటకు మనిషి కలడు. మన ఆశ్రమములలోను అట్టి యొకరిని, పూర్తి జీతముపై, వంటకును శుశ్రూషకును మళ్ళింపరాదను షరతుతో నియమించుటను ప్రభుత్వము లైసెన్సు నిబంధనలలో చేర్చవలెను. అంతవఱకు, తిథివారీగా అన్నదానమునకు సొమ్ము కట్టుచున్న దాతలలో పదిమంది కలిసి ఆ జీతమును భరించినను మేలే. బ్యానరుమీద వారి ఫొటోలు ఎంత పెద్దవి వేయించినను నాకు అభ్యంతరము లేదు.