ఏ హాల్లో కూర్చోవాలి?

విద్యార్థి సంఘం డబ్బుతో సదస్సుకు పోయి వచ్చినవాడు సావనీరులో నాలుగు మంచి మాటలు రాయడం ఆనవాయితీ. "ఎంతో విజ్ఞానదాయకంగా సాగింది" అంటే ఎవరూ కాదనరు. కానీ నేను మొదటి రోజంతా దండుగ చేసి వచ్చాను. వచ్చే ఏడు ఇంకో ముగ్గురు పోతారు గనుక ఆ సంగతే రాస్తున్నాను.

డేటాబేస్ పనివాళ్ల సభలు మన నగరానికి కొత్త కాదు. ఒరాకిల్ వాడకందారుల అఖిల భారత సంఘం వారి 'సంగం' సభ 2017 డిసెంబరులో హైదరాబాదులోనే జరిగింది. మేం పోయింది అంత పెద్దది కాదు. అయినా రెండు రోజులు, ఒకే వేళకు నాలుగు హాళ్లు. చేతికిచ్చిన కార్యక్రమ పత్రం మిర్యాలగూడ బస్టాండులో బోర్డులా ఉంది, కాకపోతే బస్సులన్నీ పదింటికే!

ఏం చేశాం? ముగ్గురం కలిసి పెద్ద హాల్లోకి పోయాం. అక్కడ కృత్రిమ మేధ గురించి ఉపన్యాసం. జనం నిలబడి వింటున్నారు. బొమ్మలు బాగున్నాయి, చప్పట్లు కొట్టాం, ఫొటోలు దిగాం. మధ్యాహ్నం ఇంకో పేరుమోసిన కంపెనీ వారిది. పది నిమిషాలకే తెలిసిపోయింది, అది సరుకు అమ్ముకునే మాట. మా ఊళ్లో విత్తనాల కంపెనీ వాళ్లు జీపులో వచ్చి, టోపీలు పంచి, భోజనం పెట్టి చెప్పే మాటలకూ దానికీ తేడా నాకు కనిపించలేదు. ఇక్కడ టోపీకి బదులు సంచీ ఇచ్చారు.

రాత్రి ఇంటికి ఫోను చేశాను. అంతా విని నాయిన అన్నాడు: "అది సరే గని, ఏమడుగుదామని పోయినవ్ రా?"

నా దగ్గర జవాబు లేదు.

మాది పెద్దవూర. బత్తాయి తోట ఉంది. నాయిన ఒకసారి రాజేంద్రనగర్ కిసాన్ మేళాకు పోతూ మంగు పట్టిన కాయలు రెండు రుమాలులో మూటగట్టుకున్నాడు. మేళాలో ట్రాక్టర్ల దగ్గర ఆగలేదు, మంత్రి గారి ఉపన్యాసం వినలేదు. ఎవరు బత్తాయి సంగతి చెప్తారో కనుక్కొని, వారి ముందు మూట విప్పాడు. అప్పుడు నాకు పదమూడేళ్లు, ఐస్‌క్రీం ఇప్పించలేదని అలిగాను.

మర్నాడు మిత్రులిద్దరూ మళ్లీ పెద్ద హాలుకే పోయారు. నేను చివరి గదికి పోయాను. బ్యాకప్, రికవరీ అని పత్రంలో రాసి, పక్కన 'ప్రారంభ స్థాయి' అని పెట్టారు. ఆ మాట చూసి నామోషీ పడేవాళ్లున్నారు, నేనూ మొదటిరోజు అట్లాగే పడ్డాను. ఇరవై మంది కూడా లేరు. ఒక ఖాతాలో డబ్బు తీసి, ఇంకో ఖాతాలో వేసేలోగా యంత్రం ఆగిపోతే ఏమవుతుందన్న దగ్గర ఆయన మొదలుపెట్టాడు. పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగనట్టే ఉండాలి. మన సిలబస్‌లో అది అయిదు మార్కుల ప్రశ్న. ఆ లావాదేవీల మీద చేసిన పనికే జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ బహుమతి వచ్చిందని నేను బట్టీపట్టి ఉన్నాను. అదెందుకంత గొప్ప పనో ఆ గదిలోనే అర్థమైంది.

తర్వాత ఆయన చెప్పింది ఇంకా సూటిగా తగిలింది. దాచిన నకలును తిరిగి తీసి, పనిచేస్తుందో లేదో చూసుకోకపోతే అది దాచినట్టు కాదట. మా ఇంట్లో పాసుపుస్తకం ట్రంకుపెట్టెలో ఉంటుంది, దాని జిరాక్సు మేనమామ ఇంట్లో. ప్రతి దసరాకు నాయిన రెండూ తెప్పించి, చెద పట్టిందేమోనని ఒక్కో కాగితం తిప్పి చూస్తాడు. ఈ మాట లేచి చెబితే ఆయన నవ్వలేదు. చాయ్ వేళకు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అరగంట మాట్లాడాడు. పెద్ద హాల్లో మాట్లాడినవారి దగ్గరికి చేరడమే గగనం.

"సభలకు పోయేది పరిచయాల కోసం, ఉద్యోగాలు వాటితోనే వస్తాయి" అంటాడు నా మిత్రుడు. కాదనను, మా ఇళ్లల్లో ఉద్యోగం ఆషామాషీ విషయం కాదు. కానీ అడగడానికి ఏమీ లేనివాడి పరిచయం చాయ్ కప్పు ఖాళీ అయ్యేదాకానే.

అందుకని సంఘానికి నాదొక విన్నపం. రుసుము కట్టేముందు ప్రతినిధి తన ప్రశ్న ఒక కాగితం మీద రాసివ్వాలి. ముగ్గురు పోతే మూడు హాళ్లలో కూర్చోవాలి, తిరిగి వచ్చి పోనివాళ్లకు చెప్పాలి. ఇది కఠినమని సంఘంలో కొందరు నాతో అన్నారు. పోయేది అందరి డబ్బుతో గదా!

నా కాగితం సిద్ధంగా ఉంది. 2004లో హైదరాబాదు త్రిపుల్ ఐటీ ఆచార్యులు పి. కృష్ణారెడ్డి గారి బృందం 'ఈ-సాగు' మొదలుపెట్టింది. ఊళ్లనుంచి పంట ఫొటోలు తెప్పించి, నిపుణులకు చూపించి, ఏ పొలానికి ఆ పొలానికి విడిగా సలహా పంపే పద్ధతి అది. నా ప్రశ్న: ఒక బత్తాయి చెట్టు ఫొటోలు పదేళ్లవి దాచాలంటే ఎట్లా దాచాలి, అవి ఎవరివి అవుతాయి, రైతు అడిగిన రోజు ఎవరు తీసిస్తారు?